నిండుగా ఉన్న చెంబు

మా పక్క పోర్షన్‌లో ఉండే కల్పలతను పద్మారావు నగర్‌లో బ్లౌజులు కుట్టించుకునే ఆడవాళ్లంతా ఎరుగుదురు. చెయ్యి మంచిది, నోరు కాస్త పెద్దది. కొలతలు తప్పు చెప్పి తర్వాత గొడవకొచ్చేవాళ్లను ఊరికే వదలదు. ఆ నోరు ఒక్క మనిషి ముందు మాత్రం లేవదు. ఆయన ఆమె మామ భద్రయ్య, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు.

ఆ ఇంట్లో ఓ పద్ధతుంది. మామ కోడల్ని పేరు పెట్టి పిలవడు, ఆమె ఉన్న గదిలోకి దగ్గకుండా రాడు. ఆమె ఆయన ముందు మంచం మీద కూర్చోదు. ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు పాటిస్తున్నారమ్మా అని నేను నవ్వితే, ఆయన మార్చుకోనిది నేనెందుకు మార్చుకోవాలని నా మీదికే లేచేది.

పోయినేడు పక్షవాతం వచ్చి ఆయన ఎడమకాలు చచ్చుబడింది. బాత్రూముకు పోవాలంటే ఒకరి భుజం కావాలి. కొడుకు విజయేందర్ ఏ.ఎస్. రావు నగర్‌లో సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తాడు, పొద్దున పోతే చీకటిపడ్డాకే వస్తాడు. మనిషిని పెడదామంటే పరాయివాళ్లు తనను ముట్టుకోవద్దని ముసలాయన మొండికేశాడు. ఇక ఆయన దగ్గినప్పుడల్లా కల్పలత మిషను ఆపి లేవాల్సిందే.

పెళ్లిళ్ల రోజులు వచ్చాయి. ఓ మధ్యాహ్నం ఆమె పెళ్లికూతురి బ్లౌజు కత్తిరిస్తుంటే ఆయన మళ్లీ దగ్గాడు. "అబ్బా" అనేసింది. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. లేచి తీసుకుపోయింది కూడా.

అప్పటినుంచి దగ్గులు తగ్గాయి. కల్పలతకు ప్రాణం లేచొచ్చింది. మామకు నయమవుతోందని అందరికీ చెప్పుకుంది. నేనూరుకున్నానా? నీ మామ బంగారమే, అదృష్టవంతురాలివి అన్నాను. పొద్దున ఆయన మంచం పక్కన పెట్టిన నీళ్లచెంబు సాయంత్రానికీ నిండుగానే ఉండేది. మళ్లీ నింపే పని తప్పిందనుకుని ఆమె మూత సర్ది వెళ్లిపోయేది.

ఎండలు ముదిరాక ఒకరోజు ఆయన అన్నం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. ఒంట్లో నీళ్లు లేవు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంది, అసలు నీళ్లు తాగుతున్నాడా అని ఆస్పత్రిలో డాక్టరు కల్పలతను అడిగింది. ఆయనకు తెలివొచ్చాక కొడుకు గట్టిగా నిలదీస్తే, ముసలాయన గోడవైపు తిరిగి చెప్పాడట.

"తాగితే లేవాల్నాయె. పిల్లకు పని మస్తుగున్నది."

ఆయన్ను ఇంటికి తీసుకొచ్చాక కల్పలత మిషను మీద గుడ్డ కప్పేసి నా దగ్గర కూర్చుని ఏడ్చింది. "తెల్వకపోతే వేరే ముచ్చట అక్కా. చెంబు చూసిన. చూసి ఖుషీ అయిన. నేనొక మనిషినేనా?" పెద్దదాన్ని, ఓదార్చాలి కదా. ఏమని ఓదార్చను? ఆ ఖుషీలో నాకూ వాటా ఉందాయె.

మర్నాడు ముసలాయనకని జావ కాచి తీసుకెళ్లాను. అప్పుడే ఆమె నీళ్ల గ్లాసు అందిస్తోంది. ఆయన రెండు గుటకలు మింగి చాలన్నాడు. కల్పలత గ్లాసు వెనక్కి తీసుకోలేదు. కాపురానికొచ్చాక మొదటిసారి ఆయన మంచం మీద, ఆయన పక్కనే కూర్చుంది.

"మామా, మీరు పిలుస్తలేరని నాకు సుఖమనిపించింది. గసొంటి సుఖం నాకొద్దు. తాగుండ్రి."

ఆయన ఆమె ముఖం చూడలేదు. చేదుమందు తాగినట్టు గ్లాసంతా తాగాడు. కాసేపటికి మంచం పట్టె గట్టిగా పట్టుకుని గడియారం వైపు చూడసాగాడు. కొడుకు వచ్చే వేళకు ఇంకా చాలా టైముంది. కల్పలతకు అర్థమైంది, లేచి భుజం అందించింది. ఇదివరకైతే తలుపు దాకా తీసుకెళితే సరిపోయేది. ఇప్పుడాయన ఒంటరిగా నిలబడలేడు, లోపలిదాకా పోయి పట్టుకోవాల్సిందే. బాత్రూము గడప దగ్గర ముసలాయన ఆగిపోయాడు.

"కండ్లు మూసుకో బిడ్డా," అన్నాడు.

ఆమె మూసుకుంది. జావగిన్నెతో వెనకాల నిలబడ్డ నేను కూడా.