గోనెతెర అవతలి లెక్కలు

తడిసిన గోనెపట్టా వాసన తగిలితే ఇప్పటికీ నా అడుగు ఆగిపోతుంది. నాచారంలో ఏ వీధి చూసినా ఏదో ఒక కట్టడం లేస్తూనే ఉంటుంది, కొత్తగా పోసిన ప్రతి పిల్లరుకూ గోనెలు చుట్టి పొద్దునా సాయంత్రం నీళ్ళు కొడుతూనే ఉంటారు కాబట్టి నా నడక ఏనాడూ తిన్నగా సాగదు. మొన్న ఉప్పల్ నుంచి వస్తూ మా పాత బడి ముందు ఆటో దిగాను. బడి లేదు, చర్చీ లేదు. రెండూ ఒకటే హాలు కావడంతో కూల్చేటప్పుడు ఒకేసారి పోయాయి. ఆ జాగాలో వరసగా పిల్లర్లు, వాటికి తడి గోనెలు. సుద్దపొడి వాసన కూడా కలిసి ఉంటే, కళ్ళు మూసుకుని నేను తొమ్మిదో తరగతి చివరి బెంచీలో కూర్చున్నాననే అనుకునేదాన్ని.

అది పొడుగాటి రేకుల హాలు. ఎండాకాలం కాగిన రేకుల కింద పిల్లలం చెమటతో బెంచీలకు అతుక్కుపోయేవాళ్ళం. వానాకాలం చినుకుల మోతకు టీచర్లు పాఠం ఆపేసి మాకు ఎక్కాలు రాయమనేవారు. గాలి ఒకవైపు నుంచి వీస్తే బిస్కెట్ల కంపెనీ తీపి వాసన, ఇంకోవైపు నుంచి వీస్తే ముక్కు మండించే మందుల కంపెనీ వాసన. సోమవారం నుంచి శనివారం దాకా అది బడి, ఆదివారం అదే గుడి. మా వాళ్ళు చర్చిని గుడి అనే అనేవారు. వారం రోజులూ హాలును అడ్డంగా గోనెతెరలతో తరగతులుగా కోసేవారు. మా నాన్న పనిచేసే కంపెనీలో పారేసిన బస్తాలు విప్పి, మా అమ్మా ఇంకొందరు ఆడవాళ్ళూ దబ్బనాలతో కుట్టిన తెరలవి. శనివారం సాయంత్రం వాటిని తాళ్ళ మీద పక్కకు లాగి కట్టేస్తే హాలంతా ఒక్కటైపోయేది. తూర్పు గోడకున్న పెద్ద నల్లబల్ల ముందుకు ప్రసంగ పీఠం వచ్చి చేరేది, బల్ల మూలన మర్నాడు పాడే కీర్తనల నంబర్లు పడేవి.

బెంచీలు మాత్రం అవే. ఆ బెంచీలే నాకు చిన్నప్పటి నుంచీ నిలకడ లేకుండా చేశాయి. బడి రోజుల్లో వాటి మీద మార్కుల వరసలో కూర్చునేవాళ్ళం, లెక్కల్లో నాది ముందు బెంచీ. ఆదివారం అవే బెంచీల మీద ముందు వరసలో దగ్గర్లోని ల్యాబుల సైంటిస్టుల ఇళ్ళవాళ్ళు, ఆ వెనక రైల్వేవాళ్ళు, ఆ వెనక టీచర్లు, బెంచీలు అయిపోయాక గచ్చు మీద చాపలు పరుచుకుని కంపెనీ కూలీల ఇళ్ళవాళ్ళం. ఎవరూ ఎవరికీ చెప్పేవారు కాదు, ఎవరి చోటు వారికి తెలుసు. శనివారం నేను కూర్చున్న బెంచీ మీద ఆదివారం ఇంకో అమ్మాయి కూర్చుంటుంది, ఆ అమ్మాయి బడిలో నాకు నాలుగు వరసల వెనక. ఒకే హాలుకు రెండు వరసలు ఎట్లా ఉన్నాయో, వాటిలో నిజమైనది ఏదో నాకు తేలేది కాదు. చాప మీద కుదురుగా కూర్చోలేక కదులుతుంటే నాయనమ్మ తొడ మీద గిల్లేది.

నాయనమ్మకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. కీర్తనల పుస్తకం ఒడిలో పెట్టుకుని, బల్ల మూలన నంబరు చూసి, సరిగ్గా ఆ పేజీ తెరిచి, పాట మాత్రం కళ్ళు మూసుకుని పాడేది.

మా కాలంలో తొమ్మిదో తరగతికి వచ్చేసరికి లెక్కలు రెండుగా చీలేవి. కాంపోజిట్ లెక్కలు తీసుకున్నవాళ్ళకు బీజగణితం, రేఖాగణితం. ఇంటర్మీడియెట్‌లో లెక్కల గ్రూపుకు, ఆ తర్వాత ఇంజనీరింగుకు అదొక్కటే దారి. జనరల్ లెక్కలవాళ్ళకు వడ్డీలు, లాభనష్టాలు, నేల వైశాల్యాలు. నాకు కాంపోజిట్ రాకపోవడం అన్న ఊహే లేదు. వేసవి సెలవుల్లో కచ్చకాయలు ఎగరేస్తూ కూడా, ఎన్ని పైకి పోతే ఎన్ని చేతిలో మిగలాలో వరసలు కట్టుకుంటూ ఆటలో ఓడిపోయేదాన్ని.

సెక్షన్లు చేసే రోజు హెడ్మాస్టరమ్మగారు మా నాన్నను పిలిపించింది. గుంటూరు వైపు మనిషి, మెత్తగా మాట్లాడేది, ఒంట్లో బాగాలేని ప్రతి ఇంటికీ వెళ్ళి ప్రార్థన చేసేది.

"మీ ఎస్తేరును నర్సు ట్రైనింగుకు పంపిద్దామయ్యా. మన సంఘం ఆడపిల్లలంతా అలాగే స్థిరపడ్డారు కదా. దానికి జనరల్ చాలు, కాంపోజిట్ అయితే దానికి బరువు."

"మీరు జెప్పినంక ఇంకేముందమ్మగారు," అన్నాడు నాన్న, చేతులు కట్టుకుని.

"నాకు లెక్కలు బరువు గాదు నాయినా," అన్నాను దారిలో.

"బరువు నీకు గాదు బిడ్డా. ఆ బెంచీల మీద గూసున్నోళ్ళ పిల్లల నడుమ నువ్వు గూసుంటే, నాకు బరువు."

ఇంటికి వచ్చేసరికి నాయనమ్మకు కబురు అందనే అందింది. "నర్సమ్మవైతే తెల్ల శీర గడ్తవ్, మోకాళ్ళకు సూది నువ్వే ఏద్దువు తియ్యి," అని మురిసిపోయింది. నన్ను ఎవరూ తిట్టలేదు, ఎవరూ కాదనలేదు. అందరూ ప్రేమగానే నన్ను తెరకు ఇవతల కూర్చోబెట్టారు. తెరకు అవతల ఎవరున్నారో చూస్తే ముందు బెంచీల ఇళ్ళ పిల్లలు, ఇవతల ఎవరమంటే చాపల పిల్లలం. ఆ ఏడాదితో బడి వరసా ఆదివారం వరసా ఒకటైపోయాయి.

పెద్ద నల్లబల్ల కాంపోజిట్‌వాళ్ళది. మాకు పడమటి వైపు స్టాండు మీద చిన్న బోర్డు, కాబట్టి మా వీపులు తెరవైపు ఉండేవి. నేను చివరి బెంచీ అడిగి తీసుకున్నాను. గాలికోసమని మా టీచరమ్మ అనుకుంది. తెరకు వీపు ఆనిస్తే అవతల లెక్కల సారు గొంతు నా భుజం వెనకే వినిపించేది. ఆయనా కోస్తా మనిషే, సుద్ద గట్టిగా నొక్కి రాసేవాడు, ఆ టకటకలను బట్టి గీత ఎంత పొడుగో పోల్చుకునేదాన్ని. బీజగణితం చెవితో పట్టుబడింది. ఎక్స్ ఇటు వస్తే గుర్తు మారుతుంది అంటే చూడకపోయినా తెలుస్తుంది. పట్టుబడనిది రేఖాగణితం. సారు బల్ల మీద చేయి పెట్టి, "ఇది దీనికి సమానం, అది దానికి సమానం, కాబట్టి ఇది అదీ సమానం" అనేవాడు. అవతల కళ్ళున్నవాళ్ళంతా తలలూపేవారు. ఇవతల నాకు ఏది ఇదో, ఏది అదో!

దానికి జవాబు ఆదివారం దొరికేది. తెరలు లాగేశాక, శనివారం చివరి పీరియడులో సారు వేసిన బొమ్మ బల్ల మీద అట్లాగే మిగిలి ఉండేది. కీర్తనల నంబర్లకు మూలన కాస్త చోటు తుడుచుకుంటే చాలు కదా. చాప చివరన, బెంచీల నడుమ దారికి ఎదురుగా కూర్చుంటే తలల మధ్య నుంచి బల్ల కనిపించేది. వారమంతా విన్న ఇదిలూ అదిలూ పట్టుకుని మట్టిలో నేను గీసుకున్న బొమ్మ ఒకటి, బల్ల మీద సారు బొమ్మ ఒకటి. కలిసిన ఆదివారం నాకు పండుగ. కలవని ఆదివారం కూడా ఒక్కోసారి నా బొమ్మలోనూ ఆ మాటలన్నీ నిజమయ్యేవి. అప్పుడు వచ్చే గగుర్పాటు ఏ ప్రసంగానికీ రాలేదు. ముందు బెంచీలవాళ్ళు మాత్రం "కూలీ దావీదు బిడ్డకు ఎంత భక్తో, రెప్ప వేయదు" అని మెచ్చుకునేవారు. శుభశుక్రవారం మూడు గంటల ఆరాధనలో, విసనకర్రలూ కీర్తనల పుస్తకాలూ ఆగకుండా ఊగుతుంటే, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలకు ఏడు ప్రసంగాలు జరుగుతుంటే, ఒక వృత్తమూ దాని స్పర్శరేఖా నాకు అప్పగించినట్టు ఎదురుగా ఉండేవి.

ఇదంతా కోతపండుగ నాడు చెడింది. మా సంఘంలో పొలాలున్నవాళ్ళు తక్కువ, అయినా కోతపండుగకు గుమ్మడికాయలు, మునగకట్టలు, అరటిగెలలు ఉప్పల్ మార్కెట్టులో కొని తెచ్చి, మన పంటే అన్నట్టు పీఠం ముందు పేర్చేవాళ్ళం. పీఠం కింద కాళ్ళు కట్టిన కోళ్ళు ప్రసంగానికి అడ్డం వచ్చేవి. ఇంటింటా చేసిన గులాబీ పువ్వుల అచ్చు పిండివంటలూ కజ్జికాయలూ వాసన వేస్తుంటే మా నాలుకలు ఆగేవి కావు. ఆ రోజు బయటి నుంచి ఒక పాస్టరు అయ్యగారు ప్రసంగానికి వచ్చాడు. బల్ల మీద శనివారం లెక్క ఉంది: ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలన్నీ కూడితే ఎంత అని. జవాబు 210, చుట్టూ చక్కని డబ్బా. అయ్యగారు ప్రసంగం ముగించి, వెనక్కి తిరిగి, డబ్బాలో ఉన్నదే ముఖ్యమనుకున్నాడు కాబోలు, "రెండు వందల పదవ కీర్తన పాడి దేవుణ్ణి స్తుతిద్దాం" అన్నాడు.

అది భూస్థాపన పాట. అయ్యగారు చెప్పాక లేవకుండా ఎట్లా ఉంటారు? సంఘమంతా లేచి, గుమ్మడికాయల ముందు నిలబడి, మట్టికి మట్టి అయ్యే పాట ఎత్తుకున్నారు.

"పండుగ పూట సావుపాట ఏంది వదినా?" అంది మా అమ్మ.

"కోళ్ళకేమో," అంది పక్క చాప వదిన. "ఇంక కొయ్యనే లేదు, అప్పుడే సాగనంపుతున్రు."

"మూసుకొని పాడుండ్రి," అంది నాయనమ్మ. సావుపాటలంటే ఆమెకు ప్రాణం. ఆమె గొంతు రేకులకు తగిలింది.

బయటికొచ్చాక నవ్వనివాళ్ళు ఇద్దరే, అయ్యగారూ సంఘ కార్యదర్శీ. "పవిత్రమైన చోట లెక్కలేమిటండీ? ఇక నుంచి శనివారం సాయంత్రమే బల్ల శుభ్రంగా తుడిపించండి," అన్నాడు కార్యదర్శి లెక్కల సారుతో. సారు "అలాగేనండీ" అన్నాడు.

ఆ మరుసటి ఆదివారం బల్ల నల్లగా, తడిగా, ఖాళీగా ఉంది. వారమంతా ఒక వృత్తం గురించి విన్నాను, అందులో ఇది దేన్ని తాకుతుందో అది దేన్ని కోస్తుందో తెలియక రాత్రుళ్ళు కూడా వేలితో దుప్పటి మీద గీశాను. మూలన మూడు కీర్తనల నంబర్లు తప్ప ఏమీ లేవు. మొదటిసారి నాకు గుడిలో ఏడుపొచ్చింది.

ఆరాధన అయ్యాక సారు చేతిపంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే వెళ్ళి నిలబడ్డాను.

"ఏమ్మా?"

"బల్ల తుడువద్దని జెప్పుండ్రి సార్."

"నువ్వు జనరల్ కదూ? నీకెందుకమ్మా ఆ బల్ల?"

"ఇది అంటే ఏదో, అది అంటే ఏదో నాకు కనవడ్తలేదు సార్."

ఆయనకు అర్థం కాలేదు. పుల్ల తీసుకుని పంపు పక్క తడిమట్టిలో నా వృత్తం గీశాను, విన్న మాటలు ఒక్కొక్కటిగా చెబుతూ గీతలు పెట్టాను. ఆయన చేతిలో చెప్పులు అట్లాగే పట్టుకుని చూశాడు. చివరికి వంగి ఒక గీతను వేలితో చెరిపి, పక్కగా జరిపి గీశాడు. బొమ్మ కుదిరింది.

"తెర వెనక నుంచేనా?" అన్నాడు.

"అవ్ సార్."

"హెడ్మాస్టరమ్మగారితో మాట్లాడి చూస్తాను."

మాట్లాడాడో లేదో తెలియదు. ఏమీ మారలేదు. పబ్లిక్ పరీక్షకు నేను జనరల్ లెక్కలే రాశాను. కానీ చేతిపంపు దగ్గర మాట్లాడిన పై ఆదివారమే బల్ల మీద నిలువునా ఒక గీత ఉంది. ఎడమవైపు కీర్తనలు. కుడివైపు, అంటే ఆడవాళ్ళ చాపలకు ఎదురుగా, ఎప్పుడూ లేనంత పెద్ద బొమ్మ, పెద్ద అక్షరాలు, ప్రతి గీతకూ పేరు. పైన సారు చేతిరాత: "చెరపవద్దు." కార్యదర్శి అడిగితే సోమవారం పాఠానికి కావాలన్నాడట సారు. పదో తరగతి ముగిసేదాకా ప్రతి ఆదివారం ఆ మాట అక్కడే ఉంది.

దాని పుణ్యమే నా బతుకు. నర్సు ట్రైనింగుకు పోలేదు. కంపెనీ స్టోర్సులో ఉద్యోగం చేస్తూ, కోఠి ఫుట్‌పాత్ మీద పాత కాంపోజిట్ పుస్తకాలు కొనుక్కుని, మిగిలింది నాకు నేనే నేర్చుకున్నాను. ఇప్పుడు సాయంత్రాలు మా వీధి పిల్లలు నా గచ్చు మీద లెక్కలు చేస్తారు. వాళ్ళను ఏ వరసలోనూ కూర్చోనివ్వను, గుండ్రంగా కూర్చోమంటాను. సారును తలుచుకోని రోజు లేదు. తలుచుకున్న ప్రతిసారీ ఒక ముల్లు కూడా కదులుతుంది. అంత పెద్ద అక్షరాలు రాసిన చేయి, పక్కనే ఉన్న తెరను ఒక్క మూర ఎందుకు జరపలేకపోయింది? ఆయన మంచితనం ఎక్కడ ఆగిందో అక్కడే మా అందరి మంచితనమూ ఆగింది. ఆ లెక్క మాత్రం నాకు ఇప్పటికీ తెగలేదు.

మొన్న పిల్లర్ల మధ్య తిరుగుతుంటే సూపర్‌వైజరు వచ్చాడు, కుర్రవాడు.

"ఎవరు గావాలె మేడమ్?"

"ఇక్కడే చదువుకున్నాను. ఏం కడుతున్నారు?"

"కింద చర్చి, పైన స్కూలు. కోచింగ్ బ్యాచులు సుత ఈ బిల్డింగులనే. ర్యాంకుల పిల్లలకు ఒక ఫ్లోరు, మామూలు పిల్లలకు ఒక ఫ్లోరు."

"గదుల మధ్య ఏం పెడుతున్నారు?"

అతని ముఖం వెలిగింది. "మస్తు గట్టి గోడలు మేడమ్, మధ్యల సౌండ్ ఆపే షీట్లు. ఫికర్ జెయ్యకుండ్రి, ఈ క్లాసు మాట ఆ క్లాసుకు ఇనవడనే ఇనవడది."

అతను పైపు తీసుకుని గోనెలకు నీళ్ళు కొట్టడానికి వెళ్ళాడు. పనివాళ్ళు చూస్తున్నారని తెలిసీ నేను తూర్పువైపు పిల్లరుకు వీపు ఆనించాను. గోనె చల్లగా తగిలింది. దాని వెనక గట్టి సిమెంటు. అయినా భుజం మీదుగా చెవి పెట్టి కాసేపు నిలబడ్డాను.