ఈ వారం ఇరవై ఆరు, వచ్చే వారం పది

2018లో నా ఆఫీసు బంగారు గనుల పక్కనున్న ఆండర్సన్‌పేటలో ఒక జెరాక్స్ షాపు మేడ మీద ఉండేది. విదేశాలకు చదువుకోవడానికి వెళ్ళే పిల్లలకు కాలేజీ అప్లికేషన్లు, వీసా కాగితాలు సిద్ధం చేయడం నా పని. ప్రయాణానికి ముందు ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి గంటసేపు బ్రీఫింగ్ ఇచ్చేదాన్ని. అక్కడ ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు అన్నీ అందులోనే చెప్పేదాన్ని. నా బ్రీఫింగ్ విన్నవాళ్ళు పొరపాటు చేయరని నాకు గట్టి నమ్మకం. గర్వం అన్నా తప్పులేదు.

ఇంగ్లండ్ వెళ్ళేవాళ్ళకు నేను మూడుసార్లు చెప్పే మాట ఒకటుంది. డిగ్రీ, ఆపై చదువులకు స్టూడెంట్ వీసా మీద వెళ్ళినవాళ్ళు టర్మ్ టైమ్‌లో, అంటే క్లాసులు, థీసిస్ నడుస్తున్న రోజుల్లో, వారానికి ఇరవై గంటలకు మించి పనిచేయకూడదు. సలోమి కూడా ఆ మాట మూడుసార్లు వినే వెళ్ళింది. అక్కడ ఎం.ఎస్సీ. చదువుతూ, ముసలివాళ్ళను చూసుకునే కేర్ హోమ్‌లో పార్ట్ టైమ్ పనికి చేరింది.

వాళ్ళ నాన్న దేవదానం గనులు మూతపడేదాకా అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి, తర్వాత ఆటో నడుపుకుంటున్నాడు. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆటో కింద ఆపి, నవ్వుతూ పైకొచ్చాడు.

"మా పాప నా పేరు నిలబెట్టిందమ్మా," అన్నాడు.

సంగతేమిటంటే, కేర్ హోమ్‌లో సలోమితో పనిచేసే అమ్మాయి వాళ్ళమ్మకు ఆపరేషన్. శనివారం ఎనిమిది గంటల షిఫ్ట్ తన బదులు చేయమని అడిగిందట. సలోమి తండ్రిని అడిగితే ఆయన ఆలోచించకుండా సరేనన్నాడు. గనుల్లో వాళ్ళ పద్ధతే అది. ఒకడింట్లో పెళ్ళి ఉంటే వాడి షిఫ్ట్ ఇంకొకడు దిగుతాడు, వీడికి జ్వరమొస్తే వాడు దిగుతాడు. మాట ఇచ్చి దిగనివాడితో ఆ తర్వాత ఎవరూ మాట్లాడరు.

సలోమి ఆ వారం అప్పటికే పద్దెనిమిది గంటలు చేసేసిందట. ఇంకో ఎనిమిది కలిస్తే ఇరవై దాటుతుంది కదా అన్నాను.

"వచ్చే వారం ఆ పాప మా పాప షిఫ్ట్ చేస్తాదమ్మా. ఈ వారం ఇరవై ఆరు, వచ్చే వారం పది. ఇంగ తప్పు యాడుండాది?" అన్నాడు.

అక్కడ వారమంటే సోమవారం నుంచి ఆదివారం దాకా, ఏ వారం లెక్క ఆ వారానిదే, రెండు వారాలు కలిపి చూసే పద్ధతి లేదని చెప్పాను. బయటపడితే వీసా రద్దు కావచ్చు, చదువు మధ్యలో ఆగిపోవచ్చు, మళ్ళీ వీసా అడిగినా ఇవ్వకపోవచ్చు.

వెంటనే సలోమికి ఫోన్ చేశాను. అక్కడ ఇంకా పొద్దున. సలోమి తడుముకోకుండా జవాబు చెప్పింది. రూలు తెలుసట, రెండు వారాలకు కలిపి ముప్పై ఆరే కదా అంది. నేను మళ్ళీ మొదటినుంచి చెప్పేసరికి గొంతు తగ్గింది.

"మాట ఇచ్చేసినాను ఆంటీ. వాళ్ళమ్మకు ఆపరేషన్ పెట్టుకొని ఉండాది. ఇప్పుడు రానని ఎట్లా చెప్పేది? గనిలో ఉన్నన్నాళ్ళు మా అప్ప ఒక్క షిఫ్టన్నా వదిలినాడా?"

నాకు కోపం వచ్చింది. నాలుగు మాటలు అనేదాన్నే, దేవదానం చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాడు.

"పాపా, నేను చెప్పింది తప్పు. అది మా గని పద్ధతి, ఆడ నడవదు. నువ్వు పోవద్దు. మాట తప్పిన పాపం నా మీద ఏసుకుంటాను."

ఫోన్ నా చేతిలో పెట్టి కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన మీద జాలేసింది. అంతకంటే ఎక్కువగా నన్ను చూసుకుని నాకే సిగ్గేసింది.

సలోమి అప్పటికప్పుడే మేనేజరుకు ఉన్నదున్నట్టు చెప్పింది. మేనేజరు ఆ షిఫ్ట్‌కు వేరే మనిషిని పెట్టింది. షిఫ్ట్ అడిగిన అమ్మాయి మాత్రం రెండు వారాలు సలోమితో మాట్లాడలేదట. సలోమి చదువు సవ్యంగా పూర్తయింది.

నేను మూడుసార్లు చెప్పానన్నది నిజమే. కానీ విన్న పిల్ల దాన్ని ఎలా అర్థం చేసుకుందో ఒక్కసారి కూడా అడగలేదు. అప్పటినుంచి రూలు చెప్పి ఊరుకోను. "నీ ఫ్రెండ్ షిఫ్ట్ చేయమంటే ఏం చేస్తావు?" అని అడిగి, జవాబు వాళ్ళతోనే చెప్పిస్తాను. తల్లిదండ్రులను కూడా పక్కన కూర్చోబెడతాను, పిల్లలు ఫోన్ చేసి అడిగేది వాళ్ళనే కాబట్టి.

ఆ బ్రీఫింగ్‌లకు దేవదానాన్ని కూడా పిలిచేదాన్ని. బతిమాలితే గానీ వచ్చేవాడు కాదు. వచ్చాక మాత్రం లేచి నిలబడి, తన మాట విని కూతురి చదువు పోబోయిన సంగతి దాచకుండా చెప్పేవాడు. ఒకసారి ఒక అమ్మాయి, మరి ఫ్రెండ్‌కు ఏమని చెప్పాలని అడిగింది.

"నా వారం నిండిపోయిందని చెప్పు తల్లీ. సిగ్గుపడొద్దు," అన్నాడు.

అంటూ తనే తల దించుకున్నాడు. తోటి మనిషి షిఫ్ట్ కాదనమని చెప్పడం ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా అలవాటు కాలేదు.