పక్కింటి ధర

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా పని ఇళ్లకు విలువ కట్టడం. దగ్గర్లో ఈమధ్యే అమ్ముడుపోయిన అలాంటి ఇళ్లు ఓ మూడు పట్టుకుని, వాటి ధరతో పోల్చి చూస్తాం. ఏ మూడింటిని పట్టుకోవాలన్నది మా చేతుల్లోనే ఉంటుంది. నా పాపమంతా అక్కడే ఉంది.

మధురానగర్‌లో రూతమ్మ ఇల్లు. భర్త పోయాక సగం వాటా ఆమెది, సగం ఆమె బావది, భర్తకు అన్న. నేను కట్టే విలువకు ఆమె వాటా బావే కొంటానన్నాడు. ఆ డబ్బుతో అదే కాలనీలో రెండు గదులు కొనుక్కోవాలని ఆమె ఆశ. ఆమె కుట్టుమిషన్‌కు గిరాకీ అంతా అక్కడి హాస్టల్ అమ్మాయిలే. బావేమో అమీర్‌పేటలో నాకు పనులు ఇప్పించే మనిషి. రూపాయి ఇవ్వలేదు. "జర నన్ను సుత చూస్కో అన్నా" అని భుజం మీద చెయ్యి వేశాడు, అంతే.

ఆ మాత్రానికే లొంగిపోయానా? లొంగిపోయాను. వెనక సందులో ఇళ్లు ఏరాను. ఒకటి వానొస్తే మోరీ నీళ్లు లోపలికొచ్చేది. ఇంకొకటి కోర్టు తగాదాలో అయినకాడికి అమ్ముకున్నది. మూడోదానికి స్కూటర్ తప్ప ఏదీ పోని దారి. రూతమ్మ ఇంటిని ఆనుకునే, అచ్చం అలాంటి ఇల్లే, మంచి ధరకు అమ్ముడుపోయి ఉంది. దాన్ని వదిలేశాను.

ఆమె గమనించింది. అడిగింది.

"పక్కింటోళ్లు మొన్ననే అమ్మిండ్రు కదన్నా. గా ధర లెక్కలకు రాదా?"

"వాళ్లు వాస్తు చూసుకుని ఎక్కువ పెట్టి కొన్నారమ్మా, ఈశాన్యం మూల బాగుందని. అలాంటి ధర మేం తీసుకోం."

"అట్లనా. మేం చర్చికి పోయేటోళ్లం, వాస్తు సంగతి మాకేం తెల్వదు. నువ్వు చెప్తే సరే అన్నా."

ఆమెకు తెలియదని తెలిసే ఆ మాటన్నాను. కొన్నవాళ్లు వాస్తు ఊసే ఎత్తలేదు. పని పోతుందన్న భయమని ఎన్నిసార్లో సర్దిచెప్పుకున్నాను గానీ, భయపడ్డవాడు తడబడాలి కదా, నేను ఆమె కళ్లలోకి చూస్తూ అంత తడుముకోకుండా ఎలా అనగలిగానో ఇప్పటికీ నాకే అంతుబట్టదు. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

ఆమె చేతికొచ్చిన డబ్బుకు మధురానగర్‌లో ఒక్క గది కూడా రాలేదు. కృష్ణానగర్‌లో మేడమీద అద్దె గదికి మారింది. హాస్టల్ పిల్లలు అంత దూరం ఎందుకొస్తారు? ఆమె ఎదురుపడుతుందేమోనని ఆ దారి వదిలి పంజాగుట్ట వైపు నుంచి చుట్టూ తిరిగి పోతుంటాను.

మొన్న ఒకాయన తన ఇంటికి విలువ కట్టమని వచ్చాడు. రూతమ్మ పంపిందట. "'గా అన్న అబద్ధం చెప్పడు, వాస్తు ధర వేరు, అసలు ధర వేరని నాకు సుత చెప్పిండు' అన్నది సార్" అన్నాడు.

తల ఊపాను. ఛీ, అప్పుడు కూడా కాదనలేకపోయాను. ఆయనకు సరైన ఇళ్లే ఏరి పోల్చాను. దానివల్ల ఆమెకు ఒరిగిందేముంది? ఆమె ఎదుట నిలబడే ధైర్యం ఇంకా రాలేదు. ఇక్కడైనా ఒక్కసారి అననివ్వండి.

ఆ ఇల్లు వాస్తు చూసి కొన్నది కాదు రూతమ్మా. ఆ ధరే నీ ఇంటి ధర.