కవర్ ఆటగాడికి ఎర్రకార్డు

2017 వేసవి. చీపురుపల్లి దాటి లోపలికి వెళితే వచ్చే ఒక ఊళ్ళో అమ్మవారి పండగకు కబడ్డీ పోటీలు పెట్టారు. అంపైర్‌గా నన్ను పిలిచారు. ఊరి పేరు రాయను. ఆ ఊరివాళ్ళకు కోపం వస్తుందని కాదు, వాళ్ళకు నా మీద కోపం ఎలాగూ ఉంది. అలాంటి ఊరు అదొక్కటే అని చదివేవాళ్ళు అనుకోకూడదని రాయడం లేదు.

నేను జనపనార మిల్లులో పనిచేశాను. సెలవు దొరికితే ఈల పట్టుకుని పోటీలకు వెళ్ళేవాణ్ణి. అంపైర్ పరీక్షకు రూల్ పుస్తకం చదవాల్సి వచ్చి నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. పెద్ద పోటీల్లో ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, గీతల దగ్గర ఇంకొందరు ఉంటారు. మన ఊళ్ళ పోటీల్లో ఆ పనులన్నీ ఒక్కడివే. ఈల వాడిదే, కార్డులు వాడివే, తిట్లూ వాడికే. కార్డులు మూడు రకాలు. ఆకుపచ్చది హెచ్చరిక. పసుపుది చూపిస్తే కాసేపు బయట కూర్చోవాలి. ఎర్రది చూపిస్తే ఆ మ్యాచ్‌లో ఇక అడుగు పెట్టకూడదు.

ఆ ఊరి కుర్రాడు తవిటినాయుడు. అప్పటికి రెండు సీజన్లుగా ఒక పెద్ద నగరం జట్టుకు కాంట్రాక్టు మీద ఆడుతున్నాడు. టీవీలో వచ్చే ఆట. వాడు ఆడేది కవర్. ఈ మాట కొంచెం విప్పి చెప్పాలి, ఎందుకంటే సొంత ఊరికే అది తెలియదు. కూతకు వచ్చేవాడు రైడర్. అవతల ఏడుగురు అతన్ని పట్టుకోవడానికి నిలబడతారు. రెండు చివర్లా ఉండేవాళ్ళు కార్నర్లు, వాళ్ళకు లోపలగా ఉండేవాళ్ళు కవర్లు. కార్నర్ దూకి రైడర్ కాలు పట్టుకుంటాడు. పట్టిన కాలు ఎంతోసేపు చేతిలో నిలవదు. అది జారిపోయేలోగా కవర్ వచ్చి రైడర్ ఒంటిని గుద్ది, అతను గీత వైపు వెళ్ళే దారి మూసేయాలి. గుద్దిన దెబ్బంతా తన మోకాళ్ళ మీదే ఆపుకోవాలి. ఇంతా చేస్తే పాయింటు కాలు పట్టినవాడి పేరున పడుతుంది. మైకులో ఆ పేరే అరుస్తారు. కవర్ లేచి దుమ్ము దులుపుకుని తన చోటికి వెళ్ళి నిలబడతాడు.

ఊరి మొదట్లో తవిటినాయుడి ఫ్లెక్సీ కట్టారు. ఎవరో రైడర్ గాలిలో ఎగురుతున్న ఒంటికి వీడి తల అతికించారు. వాడి ఆటలో ఊరు గొప్పగా చెప్పుకోదగిన బొమ్మ ఒక్కటీ వాళ్ళకు దొరకలేదు కాబోలు. అది చూసినప్పుడే నాకు ఒళ్ళు మండింది.

ఫైనల్ సాలూరు లారీ కుర్రాళ్ళ జట్టుతో. మ్యాచ్‌కు ముందు ఆటగాళ్ళను వరసలో నిలబెట్టి చూడడం నా పని. గోళ్ళు పెరిగాయేమో చూస్తాను, ఒంటికి నూనె రాసుకున్నారేమో అరచేత్తో తుడిచి చూస్తాను, ఉంగరాలూ తాయెత్తులూ తీయిస్తాను. తవిటినాయుడి దగ్గరికి వచ్చేసరికి ఎడమ మోకాలికి పైనా కిందా వెడల్పాటి పట్టీల అచ్చు కనిపించింది. అంతమేరా చర్మం ఎండ తగలక పాలిపోయి ఉంది.

“ఇదేట్రా?”

“ఏటీ నేదు తాతా. పట్టీ ఏసుకున్నాను, ఒరుసుకున్నాది.”

“ఒక రోజు ఏసుకుంటే ఇలగ పడతాదేటి? సెప్పు.”

వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “లిగమెంటు కొంత సిరిగింది తాతా. ఆపరేసన్ అక్కర్నేదన్నారు. వొచ్చే నెల క్యాంపులో ఫిట్‌నెస్ టెస్టు ఉన్నాది. అది పాసయితేనే మల్లీ కాంట్రాక్టు.”

“అందాకా?”

“ఎక్కడా ఆడకూడదన్నారు.”

“మరిక్కడేటి సేస్తన్నావు?”

“మావ మాటిచ్చేసినాడు. తొలి కూత నాదేనంట. ఒక్క కూతే గదా తాతా.”

మా వైపు అదొక మర్యాద. పండగ పోటీల ఫైనల్లో తొలి కూత అమ్మవారి పేరున ఊళ్ళో పేరున్న ఆటగాడు వెళతాడు.

“నువ్వసలు కూతకెల్లేవోడివేనా?” అన్నాను.

“బడిలో ఉన్నప్పుడు ఎల్లినాను,” అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

వాడి మేనమామ సన్నాసినాయుడు కమిటీ పెద్ద. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అంటాడు. వెళ్ళి అతన్ని పక్కకు పిలిచాను.

“గుంటడి మోకాలు బాగోనేదు. ఓ దండేసి కుర్సీలో కూకోబెట్టండి. మైకులో నాలుగు మంచి మాటలు సెప్పించండి, సరిపోద్ది.”

“కుర్సీలో కూకోడానికి టీవీలో ఆడినోడే కావాలేటి బావా? ఊరంతా సూడ్డానికొచ్చినారు. టీవీలో సూస్తే ఆడి ఈపు తప్ప ఏటీ కనిపించదు.”

“ఆడి పని అలగే ఉంతాది. ఆడు కవరు.”

“ఆ కవరూ గివరూ మాకు తెల్దు. కూతకెల్లాల, నలుగుర్ని ముట్టాల, మనోల్లు ఈలలెయ్యాల.”

“మోకాలు పోతే?”

“అమ్మోరి పేరున ఎల్తన్నాడు. అమ్మోరు సూసుకుంతాది.”

చిరిగిన లిగమెంటును అమ్మవారికి అప్పజెప్పేసి, అతను షామియానా కిందకు వెళ్ళి కూర్చున్నాడు. మనం చేయాల్సిన పని దేవత మీదకు తోసేసి దానికి భక్తి అని పేరు పెట్టుకోవడం నేను చాలా ఊళ్ళలో చూశాను. ఇంత పచ్చిగా మాత్రం అక్కడే చూశాను.

రూలు ప్రకారం నెత్తురో వాపో కంటికి కనిపిస్తే ఆటగాణ్ణి నేను ఆపగలను. పట్టీ అచ్చు గాయం కింద రాదు. ఆటగాడే బాగున్నానంటే నా చేతిలో ఏమీ లేదు. అందుకని అందరి ముందూ గట్టిగా అడిగాను. “తవిటీ, మోకాలు బాగున్నాదా?”

వాడు నా వైపు చూడలేదు. షామియానా వైపు చూశాడు. “బాగున్నాది.”

జట్లు కోర్టులోకి దిగాయి. మట్టి కోర్టు. పొద్దున్న నీళ్ళు చల్లారు గానీ ఎండకు మళ్ళీ గట్టిపడిపోయింది. ఊరి జట్టుకు కెప్టెన్ తవిటినాయుడు కాదు. జెర్సీలు కొనిచ్చిన దుకాణదారు కొడుకును కెప్టెన్‌గా పెట్టారు. టీవీలో ఆడినవాణ్ణి ఫ్లెక్సీకి వాడుకున్నారు, కెప్టెన్ పదవి జెర్సీలకు ఇచ్చేశారు. అదీ వాళ్ళ గౌరవం.

తవిటినాయుడు నడిమి గీత దగ్గరికి వచ్చాడు. నడకలో ఎడమ కాలు కొంచెం వెనకబడుతోంది. అవతల సాలూరు జట్టు కెప్టెన్ బంగార్రాజు అది పసిగట్టాడు.

“ఏటి బావూ, కుంటుతన్నావు? బయపడకు. మేం ముట్టంలే. సల్లగా వొచ్చి సల్లగా ఎల్లిపో. అమ్మోరికి కొబ్బరికాయ కొట్టినట్టు కొట్టీసి పో.”

వాళ్ళ జట్టంతా నవ్వింది. గీత బయట సెల్‌ఫోన్లు లేచాయి.

తవిటినాయుడు మొహం నల్లబడింది. గీత దాటలేదు. వెనక్కి తిరిగి నేరుగా ఎడమ కవర్ చోటికి వెళ్ళి నిలబడ్డాడు. కాళ్ళు ఎడంగా పెట్టి, నడుం కొంచెం వంచి, చేతులు చాచాడు. తమ కెప్టెన్‌తో, “తొలి కూత నువ్వెల్లు. ఆల్లు వొచ్చినప్పుడు నేను సూసుకుంతాను,” అన్నాడు. జనంలో గొణుగుడు మొదలైంది. “ఏట్రా ఎనక్కెల్లిపోనాడు?” అని ఒకడు, “బయమేసినట్టున్నాదిరా!” అని ఇంకొకడు.

నిజం చెప్తున్నాను. వాడు అలా నిలబడితే ముచ్చటేసింది. ఎన్నో ఏళ్ళు కోర్టు పక్కన నిలబడినవాణ్ణి, నిలబడే తీరును బట్టి మనిషి పనితనం తెలిసిపోతుంది. సొంత ఊళ్ళో మొదటిసారి వాడు తన సొంత పని చేయబోతున్నాడు. నాకూ చూడాలని ఉంది. కానీ ఆ బంగార్రాజు మూటలెత్తే మనిషి, బండలాంటి ఒళ్ళు. అతను కూతకు వస్తే వీడు ఎదురెళ్ళి గుద్దుతాడు, ఆ బరువంతా ఎడమ మోకాలి మీదకు వస్తుంది. ఉత్తుత్తి కూత కంటే ఇది ఎక్కువ ప్రమాదం. కూతకు వెళ్ళినవాడు తప్పించుకునైనా రావచ్చు. కవర్‌కు తప్పించుకోవడం అనేది లేదు.

“ఊదు తాతా,” అన్నాడు.

కబడ్డీలో ఒక రూలుంది. అంపైర్‌తో మాట్లాడే హక్కు కెప్టెన్‌కు తప్ప ఇంకెవరికీ లేదు. ఊళ్ళ పోటీల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు, నేనూ అంతే. ఆ రోజు పట్టించుకున్నాను.

“నువ్వు కెప్టెన్‌వేటి?”

“ఏటి తాతా?”

“కెప్టెన్‌వా, కాదా?”

“కాదు.”

ఆకుపచ్చ కార్డు తీసి చూపించాను. “మరి నాతో మాటలేటి?”

జనం పకపకా నవ్వారు. ముసలోడు సరసమాడుతున్నాడనుకున్నారు.

“ఆటలొద్దు తాతా, ఊదు!”

పసుపు కార్డు. నవ్వులు ఆగిపోయాయి. “ఓ అంపైరూ, పిచ్చెక్కిందేటి?” అని షామియానా కింద నుంచి సన్నాసినాయుడి కేక. తవిటినాయుడు కోర్టు బయటికి వెళ్ళలేదు. నా దగ్గరికి వచ్చాడు. దగ్గరగా, నాకు మాత్రమే వినిపించేలా అన్నాడు. “తాతా, ఒక్కసారి నా పని నన్ను సేసుకోనీ. నేనేటి సేస్తానో ఈల్లకి తెల్దు.”

ఆ మాటకు నా చెయ్యి జేబులోనే ఆగిపోయింది. అబద్ధం చెప్పను. ఆ తర్వాత ఎర్రకార్డు తీసి తలపైకి ఎత్తి పట్టుకున్నాను.

నీళ్ళ ప్యాకెట్లు వచ్చి మీద పడ్డాయి. ఒక చెప్పు కూడా వచ్చింది. మైకు పట్టుకున్నవాడు, “అంపైరు గారికి ఎండదెబ్బ తగిలినట్టున్నాది, మజ్జిగెవరైనా ఇయ్యండి,” అన్నాడు. సన్నాసినాయుడు కోర్టులోకి వచ్చేశాడు. “ముసిలోడా, సాలూరోల్లకి అమ్ముడైపోనావేటి?” అన్నాడు. అప్పటిదాకా బావా, అప్పటినుంచి ముసిలోడా. నేను రూలు చదివి వినిపించాను. రూలు రూలే కాబట్టి ఎవరూ ఏమీ చేయలేకపోయారు. తవిటినాయుడు తల దించుకుని, కుంటుతూ జనం మధ్య నుంచి వెళ్ళిపోయాడు. దారిచ్చినవాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు, నీ కాలికేమైందిరా అని అడగలేదు. ఫ్లెక్సీ కట్టిన చేతులు, ఈల వేయడానికి నోట్లో పెట్టుకున్న వేళ్ళు అన్నీ అక్కడే ఉన్నాయి. అడిగే నోరు మాత్రం లేదు. మ్యాచ్ ఓడిపోయారు. ఆ పాపమూ నాకే చుట్టారు.

సాయంత్రం వాడు మా ఇంటికి వచ్చాడు. మా ఇంటిది ముక్కాలిపీట వేస్తే కూర్చోలేదు.

“రెండు సీజన్లు ఆడినాను తాతా. ఎంతమంది అంపైర్ల ముందర ఆడినాను! ఆకుపచ్చ కార్డు కూడా నేదు నాకు. మా ఊల్లో, మా అమ్మ సూస్తుండగా ఎర్రకార్డు ఇచ్చినావు.”

“ఇచ్చినాను.”

“ఏల?”

“ఆడనని నువ్వే సెప్పీసుంటే కార్డెందుకురా?”

“అలగ సెప్పగలనేటి? మా మావకి ఎదురు సెప్పి నువ్వు సూడు.”

“సెప్పినాను. ఇన్నాడేటి? ఆడు ఇనడు, నువ్వు సెప్పవు. ఇంక నాకేటి మిగిలింది?”

“కూతకి ఎల్లనన్నాను గదా! నా సోట్లో నిలబడతానన్నాను. దానికీ ఒప్పుకోనేదు నువ్వు.”

“ఒప్పుకోను. ఆ సోట్లోనే పోయేది నీ మోకాలు. నువ్వెలగ ఆడతావో నాకు తెల్దేటి? సగం గుద్ది ఒగ్గేసేవోడివి కావు.”

అప్పుడు కూర్చున్నాడు. మోకాలు రాసుకున్నాడు. లేచేటప్పుడు, “ఇది నేను మర్సిపోను తాతా,” అన్నాడు. మర్చిపోవద్దనే చెప్పాను.

తర్వాతి నెలలో టెస్టు పాసయ్యాడు. ఆ సీజనంతా ఆడాడు. ఒక రోజు సాయంత్రం చీపురుపల్లి స్టేషన్ దగ్గర టీ కొట్లో టీవీలో చూశాను. పేరు మోసిన రైడర్ కాలిని కార్నర్ కుర్రాడు అందుకున్నాడు, జారిపోయింది అనుకునేంతలో తవిటినాయుడు వచ్చి ఆ రైడర్‌ను గోడ కట్టినట్టు ఆపేశాడు. కార్నర్ పేరు మూడుసార్లు చెప్పారు. “ఆ ఎనకున్నోడు మన తవిటినాయుడు,” అని కొట్టువాడికి చూపిస్తే, “ఏడీ? కనిపించడేటి?” అన్నాడు. టీ అక్కడే పెట్టేసి లేచి వచ్చేశాను.

ఆ మరుసటి సీజన్‌కు జట్టు వాణ్ణి వదిలేసింది. ఎందుకో చెప్పలేదు, పిలిచి కూర్చోబెట్టి ఒక మాట అనలేదు. ఫోనుకు ఒక మెసేజీ పంపారు. వాడి మోకాళ్ళ మీద గెలిచిన మ్యాచ్‌లకు కప్పులున్నాయి, ఆ మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగే మనిషి ఆ జట్టులోనూ లేడు. ఊరుకూ నగరానికీ తేడా ఏముంది? ఒకరు దండ వేసి వాడుకున్నారు, ఒకరు కాంట్రాక్టు రాసి వాడుకున్నారు.

ఇప్పుడు తవిటినాయుడు విజయనగరంలో పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. ఎదురుపడితే బాగానే మాట్లాడతాడు. ఆ కార్డు సంగతి వాడు ఎత్తడు, నేనూ ఎత్తను. నన్ను మన్నించాడో లేదో తెలియదు. మన్నించమని నేను అడగలేదు, అడగను కూడా.

కార్డంటే శిక్ష అనే నేను అప్పటిదాకా అనుకునేవాణ్ణి. మనిషి ‘నేను చేయలేను’ అని చెప్పుకోలేని చోట, ఎవడో ఒకడు చెడ్డవాడై వాణ్ణి బయటికి గెంటాలని ఆ రోజు నేర్చుకున్నాను. తప్పు చేసిన ఆటగాడికి చూపించడానికి నా జేబులో మూడు కార్డులుంటాయి. ఆ రోజు తప్పు చేసినవాళ్ళంతా గీత బయట కూర్చుని ఉన్నారు. వాళ్ళకు చూపించే కార్డు ఏ రూల్ పుస్తకంలోనూ లేదు. అందుకని లోపలున్నవాడికి చూపించాను.