నైరుతి తలుపు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను ప్రొద్దుటూరులో ఒక పత్తి మండీలో గుమాస్తాగా ఉన్నాను. కింద పత్తి బేళ్ల గోడౌను, దాని మీద మిద్దెలో మా ఆఫీసు. గోడౌను లోపలి నుంచే చెక్క మెట్లెక్కి పైకి పోవాలి. అంటే రోజూ పత్తి మీద కూర్చుని లెక్కలు రాసేవాళ్లం. నాతో పాటు ఒక ముసలి గుమాస్తా ఉండేవాడు. ఉబ్బసం మనిషి. ఆ మెట్లెక్కి వచ్చాక కాసేపు గోడకు ఆనుకుంటే తప్ప ఆయనకు మాట వచ్చేది కాదు.

ఒక ఎండాకాలం మా సావుకారు కడపలో ఎవరిదో ఆఫీసు చూసొచ్చాడు. ఇంకేముంది, మా ఆఫీసు పాతబడిపోయింది. పైకప్పుకు చెక్క కొట్టించాడు, గది మధ్యలో చెక్క అడ్డం పెట్టించాడు, అన్నిటికీ నిగనిగలాడే వార్నీషు పూయించాడు. మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, లైసెన్సు ఇచ్చేది లేదన్నాడు. కింద పత్తి, పైన చెక్క, దిగడానికి పత్తి మధ్యలోంచి ఒకే దారి. నిప్పంటుకుంటే పైనున్నవాళ్ల గతేమిటని అడిగాడు. వెనకవైపు రెండో తలుపు పెట్టి సందులోకి మెట్లు దించాలని, ఇసుక బకెట్లు ఉండాలని, గోలెం నిండా నీళ్లుండాలని చెప్పి వెళ్లాడు. మా ప్రాణాల గురించి ఆ కొట్టులో ఒకరు నోరు విప్పడం అదే మొదలు. ఆయన కాళ్లకు మొక్కాలనిపించింది నాకు.

సావుకారు గొణుక్కుంటూనే చేయించాడు. జమ్మలమడుగు నుంచి నాపరాళ్లు బండ్ల మీద వచ్చాయి. సందులోంచి మిద్దె దాకా చక్కటి మెట్లు లేచాయి. పెన్న ఇసుక వచ్చింది. కొత్త తలుపు తీసిన రోజు గదిలోకి గాలి జొరబడింది. ముసలాయన కుర్చీ ఆ గాలికి వేసుకుని, ఇన్నేళ్లకు ఈ గదిలో ఊపిరాడిందని నవ్వాడు. ఇన్‌స్పెక్టరు తలుపు తీసి, మూసి చూసి, సంతకం పెట్టిపోయాడు.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. పులివెందుల నుంచి వాస్తు చూసే సిద్ధాంతి ఒకాయన దిగాడు. నైరుతి మూల గుమ్మమా అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ మూల మూసి ఉండాలట, బరువుండాలట, లేకుంటే యజమానికి అరిష్టమట. తలుపు తీసేస్తే లైసెన్సు పోతుంది, ఉంచితే అరిష్టం. ఇద్దరూ కూర్చుని బ్రహ్మాండమైన ఉపాయం కనిపెట్టారు. సావుకారు తాతల నాటి ఇనప్పెట్టెను హమాలీల చేత నాపరాయి మెట్ల మీదుగా ఎక్కించి, ఆ తలుపులోంచే లోపలికి తెప్పించి, ఆ తలుపుకే అడ్డంగా ఆనించారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆపదొస్తే ఎటు పోవాలని సావుకారును అడిగాను.

"తలుపు యాడికి పోయిందప్పా? పెట్టె ఎనక ఉండనే ఉంది గదా" అన్నాడు, నాకే కళ్లు లేనట్టు.

మరుసటి ఏడు ఇన్‌స్పెక్టరుకూ అదే మాట చెప్పాడు. ఆ పెద్దమనిషి కాఫీ తాగి, పెట్టె వెనకకు తొంగి చూసి, తలుపు ఉందని రాసుకుని పోయాడు. తలుపు ఉండాలన్నదే రూలు, అది తెరుచుకోవాలని ఎవరూ రాయలేదు కాబోలు. అప్పటికే ఇసుక బకెట్లు వక్కాకు ఉమ్మడానికి పనికొస్తున్నాయి.

శుక్రవారం సందెవేళ సావుకారు స్వయంగా సాంబ్రాణి పొగ పట్టుకుని గోడౌనంతా తిరిగేవాడు, లక్ష్మి నిలవాలని. చేతిలో ఎర్రటి నిప్పులు, కాళ్ల చుట్టూ విడి పత్తి. మమ్మల్ని మాత్రం అగ్గిపెట్టె కూడా తేనిచ్చేవాడు కాదు. ఒక శుక్రవారం ఆ నిప్పుల్లోంచి రవ్వ రాలింది. ఆయన చూసుకోకుండా వీధి అరుగు మీదికి పోయాడు.

పొగ చెక్క మెట్ల మీదుగా మా మీదికి వచ్చింది. పత్తి పొగ గొంతు పట్టేస్తుంది. మెట్ల వైపు పోలేక ఇద్దరం నైరుతి మూలకు పరుగెత్తి పెట్టెను తోశాం. హమాలీలంతా కలిసి మోసిన పెట్టెను ఒక ఉబ్బసం ముసలాయన, ఒక బక్క గుమాస్తా కదిలించగలరా? ఇంతలో తలుపు అవతల అడుగుల చప్పుడైంది. సందులో పరుపులు కుట్టే సాయిబు పొగ చూసి వెనక మెట్లెక్కి వచ్చేశాడు. తలుపు బాదుతున్నాడు.

"గొళ్లెం తీయండప్పా, నేనీడనే ఉండా. మెట్లుండాయి, దిగిపోదాం రాండి."

గొళ్లెం పెట్టె వెనక ఉంది. చెయ్యి దూరదు. ఆయన గొంతు మూరెడు దూరంలోనే వినిపిస్తోంది. ముసలాయన పెట్టెకు చెంప ఆనించి కూలబడ్డాడు. ఆయన రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయి. ఆ ఇనప్పెట్టెను అసహ్యించుకున్నంతగా నేను బతుకులో దేన్నీ అసహ్యించుకోలేదు.

చివరికి సాయిబే కిందికి పరుగెత్తి, ముఖానికి తడిగుడ్డ చుట్టుకుని, గోడౌనులోంచి పైకి వచ్చి ముసలాయనను భుజాన వేసుకున్నాడు. నేను సాయిబు చొక్కా పట్టుకుని కళ్లు మూసుకుని దిగాను. హమాలీలు బేళ్లు వీధిలోకి లాగి, నీళ్లు కొట్టి ఆర్పారు. ముసలాయన చాలా రోజులు మంచం దిగలేదు.

పొగ తగ్గాక సావుకారు పైకెక్కి ముందుగా పెట్టెను తడిమి చూసుకున్నాడు. దానికి చేతులు జోడించాడు.

"నైరుతిలో బరువుండబట్టి బతికిపోతిమప్పా" అన్నాడు నాతో.

సిద్ధాంతికి పట్టుబట్టలు పంపాడు. సాయిబుకు ఒక మంచిమాట చెప్పినట్టు కూడా నాకు గుర్తులేదు.

ముసలాయన మళ్లీ పనిలోకి వచ్చాడు. రాక ఎక్కడికి పోతాడు? వచ్చిన రోజే తన బల్లను చెక్క మెట్లు ఎక్కగానే వచ్చే గుమ్మం పక్కకు జరుపుకున్నాడు. మళ్లీ ఏమన్నా అయితే ముందుగా దిగిపోవచ్చని నాతో మెల్లగా అన్నాడు. ఆ వయసులో ఆయన ఈ లోకాన్ని కోరింది ఆ కాస్త చోటే. మధ్యాహ్నం సావుకారు వచ్చి చూశాడు.

"మామా, అది ఈశాన్యం. ఆడ బరువుండకూడదు. పెట్టె పక్కకు జరుపుకో."

ఆ మూల మోయలేనిది బల్లనా, ఈ మనిషి ఊపిరినా అని నేను అడిగేశాను. ముసలాయన గొడవ వద్దన్నట్టు చెయ్యి ఊపి, బల్ల రెండో కొస పట్టుకోమన్నాడు. ఆయన మీదా కోపమొచ్చింది నాకు. పట్టుకోలేదు. కండువా తీసుకుని, ఇక ఆ కొట్టు గడప తొక్కనని చెప్పి మెట్లు దిగాను. గోడౌను దాటి వీధిలోకి వచ్చేదాకా పైన ఆయన ఒక్కడే బల్లను ఈడుస్తున్న చప్పుడు, మధ్యమధ్యలో ఊపిరి కోసం ఆగుతూ, వినిపిస్తూనే ఉంది.