సోలార్ ప్లేట్ల కింది పరిగె

పసుపు కూలి అంటే ఏంటో భీమ్‌గల్ రోడ్డు మీది ఎంకవ్వను అడగండి, చెబుతుంది. అడక్కపోయినా చెబుతుంది, ఆమె నోరు అలాంటిది. పెళ్లై వచ్చిన నాటి నుంచి రాజేశ్వర్ పటేలు చేనులోనే ఆమె బతుకంతా గడిచింది. ఆకు కోసింది, కొమ్ములు తవ్వింది, కాగుల్లో ఉడకబెట్టింది, కళ్లంలో ఎండబోసింది. తవ్వకం అయి పంట బండ్లకెక్కాక మట్టిలో మిగిలిపోయిన కొమ్ముల్ని కూలోళ్లు ఏరుకుంటారు. దాన్నే పరిగె అంటారు. అది ఎవరూ పెట్టే ధర్మం కాదు, ఎవర్నీ అడగక్కర్లేదు. పటేలు తండ్రి కాలంలోనూ అంతే. ఎంకవ్వ ఇంట్లో కూరకైనా, గడపకైనా, పిల్లల దెబ్బలకైనా ఆ పసుపే. దుకాణంలో పసుపు పొట్లం కొనడమంటే ఆమెకు మహా నామోషీ.

అలాంటి చేనును పటేలు సోలార్ కంపెనీకి కిరాయికి రాసిచ్చేశాడు. దుంపకుళ్లు, ధర లేదు, కూలీలు దొరకరు అని ఆయన ఏడుపు ఆయనది. అబద్ధమూ కాదు. కానీ ఆయనకు కిరాయి వస్తుంది, ఆ చేను మీద బతికిన ఆడోళ్లకు ఏమొస్తుందని ఒక్కరు అడిగితే ఒట్టు. ఎంకవ్వ ఒక్కతే అడిగింది. నీకు కంపెనీలో కొలువు ఇప్పిస్తా, ఫికర్ చెయ్యకు అన్నాడు. మిగతావాళ్లను గాలికొదిలేశాడు. ఆ మరుసటేడే పసుపు ధర ఎగిరి కూర్చుంది. ఆర్మూర్ అంతా అదే ముచ్చట. అప్పుడు చూడాలి పటేలు మొహం!

కొలువంటే ఏముంది, సోలార్ ప్లేట్లు కడగడం, వాటి మధ్య గడ్డి పీకడం. చివరిసారి తవ్వకం కాగానే కంపెనీ కంచె వేసేసింది, పరిగె ఏరనివ్వలేదు. మట్టిలో ఉండిపోయిన ఆ కొమ్ములే వానలు పడగానే మొలిచాయి. గడ్డి పీకే చేయి వాటి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. పసుపును కలుపని పీకిపారేసే ఆడది ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు.

సూపర్‌వైజర్ రంజిత్ అదేంటని అడిగాడు.

"పసుపు సారూ. నీడకు గూడ మంచిగనే పెరుగుతది. పైన కరెంటు, కింద పసుపు. రెండు అయితయి గదా?" అంది ఎంకవ్వ.

అతను నవ్వి, ప్లేట్లకు తాకకపోతే ఉండనీ అని వెళ్లిపోయాడు. ప్లేట్లు కడిగిన నీళ్లు తాగి మొక్కలు దుబ్బులు కట్టాయి.

ఆకు ఎండిపోయాక ఎంకవ్వ గడ్డపార పట్టింది. ఎవర్నీ అడగలేదు. పరిగెకు ఎవరైనా అడుగుతారా? అదే ఆమె చేసిన తప్పు. పట్టపగలు సంచి నెత్తిన పెట్టుకుని దర్జాగా ముందు గేటు నుంచే బయల్దేరింది. గేటు దగ్గర ఆపేశారు. కంపెనీ స్థలంలో తవ్వింది, దొంగతనం అన్నారు. భూమిలో కేబుళ్లున్నాయి తెలుసా అని రంజిత్ గుడ్లురిమాడు. మొలిచినప్పుడు నవ్వినవాడు అతనే! పోలీసుల్ని పిలుస్తామన్నారు.

ఎంకవ్వ బెదరలేదు. పటేలుకు ఫోన్ కొట్టమంది. పరిగె కూలోళ్లదని ఆయన ఒక్క మాట అంటే చాలు, కొలువు నిలుస్తుంది, పరువూ నిలుస్తుంది.

పటేలు వచ్చాడు. సంచిలో చేయి పెట్టి ఒక కొమ్ము విరిచి చూశాడు. లోపల నిగనిగలాడుతోంది. మిగిలిన భూమి కూడా అదే కంపెనీకి ఇచ్చే మాటలు నడుస్తున్నాయి, వాళ్లతో పేచీ ఆయనకెందుకు?

"ఇత్తనం నాదే గదా సారూ, సంచి నేను తీస్కపోత. ముసల్దాని మీద కేసు గీసు వద్దు," అన్నాడు.

అందరికీ సరిపోయింది. ఎంకవ్వను మాత్రం రేపటి నుంచి రావద్దన్నారు. సంచిని బైకు మీద కట్టుకుంటూ, ఠాణా తప్పించానని పటేలు ఆమెకు గొప్పగా చెప్పుకున్నాడు.

"పరిగె మాదని ఒక్క మాట అనకపోతివి గద పటేలా," అంది ఎంకవ్వ.

"చేనే లేదు, ఇంక పరిగె యాడిదే?" అన్నాడాయన.

మర్నాడు పటేలు భార్య గంగామణి నుంచి కబురొచ్చింది. ఆ పసుపు ఉడకబెట్టడం వాళ్లింట్లో ఎవరికీ చేతకాదట, వచ్చి పొమ్మంది. సిగ్గూ శరం ఉండాలి మనుషులకు! పోవద్దని ఎంకవ్వ కోడలు మంగ మొత్తుకుంది. చేసేందుకు మరో పని లేదు, ఎంకవ్వ పోయింది. పొద్దంతా పొయ్యి ముందు కూర్చుని ఉడకబెట్టి, వార్చి, చాప మీద ఆరబోసింది. పని అయ్యాక గంగామణి ఒక పిడికెడు కొమ్ములు తీసింది.

"నీకు గూడ ఉండాలె గదా ఎంకవ్వా, పట్టు," అంది.

ఇంట్లో కూరలోకి చిటికెడు పసుపు లేదు. ఎంకవ్వ కొంగు పట్టింది. కొమ్ములు కొంగులో పడగానే, అలవాటు లేకపోయినా, దండం పెట్టడానికి చేతులు వాటంతటవే లేచాయి. పటేలు మీదకంటే ఆ చేతుల మీదే ఆమెకు ఎక్కువ ఒళ్లు మండింది.