మూగపాటకు తీన్మార్

గల్ఫ్‌లో మా కంపెనీ వ్యాను నేనే నడుపుతాను. అల్ హైల్‌లోని రూమ్ నుంచి ఇబ్రా సైట్‌కు మనుషులను తీసుకెళ్లడం నా డ్యూటీ. స్టీరింగు నాదే, పాటలు మాత్రం ముందు సీట్లో కూర్చునే మేస్త్రివి.

ఒకరోజు అతను రాకముందు నా పాట పెట్టుకున్నాను. డెబ్బైల నాటి జపాన్ సంగీతం అది. ఒక పాట అయ్యాక ఫోన్ తనంతట తానే ఇంకోటి వినిపిస్తే దొరికింది. పాడేవాళ్లెవరూ లేరు. ముందు బేస్ గిటారు ఒక్కటే బయలుదేరుతుంది, డ్రమ్ము కావాలనే కాస్త ఆలస్యంగా వచ్చి కలుస్తుంది. ఆ ఆలస్యం దగ్గరే నా భుజం కదులుతుంది. తర్వాత ఇంకో గిటారు చిక్ చిక్‌మంటుంది, దానిమీద బూరలు ఒక్కసారిగా లేస్తాయి. ఒక్క మాట లేకుండా మనిషిని ఇంత హుషారు చేయొచ్చని నాకు అంతవరకు తెలియదు.

మేస్త్రి ఎక్కుతూనే మూతి తిప్పాడు.

“గిదేం పాటరా? పాడెటోడు డ్యూటీకి రాలేదా? సిక్ లీవుల ఉన్నడా?”

వ్యానంతా గొల్లున నవ్వింది. అతను పాట ఆపేసి, “మూగోని పాట మూగోనికే నచ్చుతది,” అన్నాడు. నేను తక్కువ మాట్లాడే మనిషిని. ఆ రోజు నుంచి రూమ్‌లో, సైట్‌లో, చివరికి కిరాణా కొట్టులో కూడా నేను మూగోడినే. పేరు పెట్టి పిలిచేవాడే లేడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పాటకు అతని చేతే దండం పెట్టించి, ఆ పేరు వదిలించుకోవాలని పంతం పట్టాను.

ఒక శుక్రవారం సందు దొరికింది. మా రూమ్‌లో ఉండే ఒకతని తమ్ముడి పెళ్లి. ఊళ్లో జరిగే బరాత్‌ను వీడియో కాల్‌లో పెట్టి, ఫోన్‌ను నేను వ్యానులో వాడే స్పీకరుకు కలిపి, అక్కడి డీజేకు ఇక్కడ అందరూ తీన్మార్ ఆడుతున్నారు. ఉన్నట్టుండి నెట్ పోయింది. నేను చప్పుడు చేయకుండా నా ఫోన్ కలిపి నా పాట పెట్టాను.

నెట్ వచ్చిందనుకున్నారు. ఫోన్లో బొమ్మ ఆగిపోయిందని ఎవరూ చూడలేదు. మేస్త్రి లుంగీ ఎగగట్టి, రుమాలు గాల్లో తిప్పుతూ, “ఏం కొడుతుండురా మన డీజేటోడు! మన జిల్లల గిసుంటి బీట్ ఎవడు కొట్టలే!” అని అరిచాడు. చెమటలు కారేదాకా ఆడనిచ్చాను. బూరలు లేచినప్పుడు అతనూ ఎగిరాడు. అప్పుడు చెప్పాను.

“డీజే గాదు మేస్త్రీ. గది మూగపాట.”

అందరూ ఆగారు. మేస్త్రి ముఖం మాడిపోవడం చూడాలనే నేను కాచుకున్నది. అతను తీరిగ్గా రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

“అయితేంది? మల్ల పెట్టు.”

పెట్టక తప్పలేదు. రెండోసారి ఇంకా బాగా ఆడాడు. తెల్లారేసరికి దానికి ‘మేస్త్రి పాట’ అని పేరు పడింది. నేను మాత్రం మూగోడినే. నా కడుపు మంట ఇప్పటికీ చల్లారలేదు.

మర్నాడు మేస్త్రి వ్యానెక్కి కాళ్లు చాపుకున్నాడు. “అరే మూగోడా, నా పాట పెట్టు.”

“స్పీకర్ ఖరాబైంది మేస్త్రీ.”

ఇబ్రా దాకా నోటితోనే డుం డుం అనుకుంటూ తొడమీద కొట్టుకున్నాడు. డ్రమ్ము కలిసే చోట ప్రతిసారీ ముందే కొట్టేస్తున్నాడు. అది కాస్త ఆగి రావాలి. నాకు తెలుసు, కానీ చెప్పలేదు. మూగోడిని కదా.